మత్తు సూది, మధ్యలో ఎక్కిళ్ళు: ప్రశ్నలు - జవాబులు

మత్తు గురించి పాఠకులు సాధారణంగా అడిగేవి రెండే. మళ్ళీ మెలకువ వస్తుందా అని ఒకటి, మధ్యలో మెలకువ వచ్చేస్తుందేమో అని ఇంకొకటి. ఈ నెల ఉత్తరాల కట్టలో మాత్రం ఎక్కిళ్ళ గురించే ఎక్కువమంది రాశారు. నరానికి ఇచ్చే మత్తుకీ ఎక్కిళ్ళకీ నిజంగానే చుట్టరికం ఉంది కాబట్టి ఈ సంచిక మొత్తం దానికే ఇస్తున్నాను.

*

డాక్టరు గారికి నమస్కారం. మా ఆయనకి 52 ఏళ్ళు. గుండెల్లో మంటగా ఉంటోందని ఎండోస్కోపీ చేయించాం. గొట్టం వేసేటప్పుడు తెలియకుండా ఉండాలని చేతి నరానికి సూది ఇచ్చారు. ఇచ్చిన కాసేపటికే ఎక్కిళ్ళు మొదలయ్యాయి. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. మనిషికి స్పృహ లేదు గానీ ఎక్కిలి వచ్చినప్పుడల్లా ఒళ్ళంతా అదిరిపోతోంది. "మందుకి అలాగే వస్తుందమ్మా" అంది సిస్టర్. పరీక్ష అయిపోయేలోపే తగ్గాయి. ఆయనకైతే ఏమీ గుర్తు లేదు, నాకే రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మందు ఆయనకి పడలేదనుకోవాలా? మళ్ళీ ఎప్పుడూ ఇవ్వకూడదా?
— ఒక గృహిణి, తెనాలి

అమ్మా, పడకపోవడం అంటే ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు, ఛాతీలో పిల్లికూతలు, బీపీ ఉన్నట్టుండి పడిపోవడం. మీరు రాసినదాంట్లో అవేవీ లేవు. సిస్టర్ చెప్పింది నిజమే. కాకపోతే ఇంకో రెండు ముక్కలు చెప్పి ఉంటే మీకు ఆ రాత్రి నిద్ర పట్టేది.

ఎండోస్కోపీ గదుల్లో మగత కోసం ఎక్కువగా వాడేది మిడజోలమ్. దీన్ని నరానికి ఇస్తే ఎక్కిళ్ళు రావచ్చని మందుతో పాటు వచ్చే సమాచార పత్రంలోనే రాసి ఉంటుంది. పెద్దవాళ్ళలో 3.9 శాతం మందికి వచ్చినట్టు అందులో లెక్క కూడా ఉంది. ఆ పత్రంలో వికారానికీ వాంతికీ ఇచ్చిన అంకెలు ఇంతకంటే చిన్నవి. ఆడవాళ్ళకంటే మగవాళ్ళకి ఎక్కువ. మీ ఆయన ఆ కొద్దిమందిలో ఒకరయ్యారు, అంతే.

ఎందుకు వస్తాయో చెప్తాను. ఛాతీకీ పొట్టకీ నడుమ డయాఫ్రమ్ అనే పల్చటి కండరం ఉంది. మనం ఊపిరి పీల్చేది ప్రధానంగా దానితోనే. ఎక్కిలి వచ్చినప్పుడు అది ఒక్కసారిగా బిగుసుకుని గాలిని లోపలికి లాగుతుంది. ఆ తర్వాత 35 మిల్లీ సెకన్లలోనే గొంతులో స్వరపేటిక తలుపు మూసుకుపోతుంది. లోపలికి వస్తున్న గాలి ఆ మూసిన తలుపుకి తగిలి ఆగిపోయినప్పుడు వచ్చేదే మనం వినే చప్పుడు. ఈ పనికి కబురు మోసేవి వేగస్, ఫ్రెనిక్ అనే నరాలూ, వెన్ను పక్కన ఉండే సింపథెటిక్ నరాల గొలుసులో ఒక భాగమూ. కబురు అందుకునేది మెదడు అడుగున మెడుల్లా, మెడ దగ్గరి వెన్నుపాము. అక్కణ్ణించి తిరుగు ఆజ్ఞ మళ్ళీ ఫ్రెనిక్ నరం మీదుగానే డయాఫ్రమ్‌కి చేరుతుంది. ఈ ఏర్పాటు మనకి పుట్టకముందు నుంచే ఉంది. కడుపులో బిడ్డ ఎక్కిళ్ళు పెట్టడం తల్లులకి తెలుస్తూనే ఉంటుంది, స్కానింగులోనూ కనిపిస్తుంది.

మెలకువగా ఉన్నప్పుడు పై మెదడు ఈ పాత ఏర్పాటుని అదుపులో పెట్టి ఉంచుతుంది. మత్తు మందు ముందు పై మెదడునే నిద్రపుచ్చుతుంది. అరుగు మీద తాతయ్య కునుకు తీయగానే పిల్లలు గోల మొదలెట్టినట్టు, అదుపు సడలేసరికి కింద ఉన్న రిఫ్లెక్సు విజృంభిస్తుంది. మత్తు డాక్టర్లలో ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. దీన్ని బలపరిచే సంగతి ఒకటుంది. మత్తు ఇంకా లోతుకి వెళ్తే ఆ కింది కేంద్రాలు కూడా మగతలో పడి ఎక్కిళ్ళు ఆగిపోతాయి. గొడవంతా ఆ సగం లోతులోనే. దీనికి తోడు ఎండోస్కోపీలో లోపల స్పష్టంగా కనపడాలని కడుపులోకి గాలి ఊదుతారు. కడుపు ఉబ్బితే వేగస్ నరం కదులుతుంది. అది చాలదన్నట్టు గొట్టం అన్నవాహికని రాసుకుంటూ వెళ్తుంది. మీ ఆయనకి ముందునుంచే మంట ఉంది. ఇన్ని కలిసి వచ్చాయి, ఎక్కిళ్ళు వచ్చాయి.

మళ్ళీ అవసరమైతే అదే మందు నిక్షేపంగా ఇవ్వవచ్చు. "పోయినసారి ఎక్కిళ్ళు వచ్చాయి" అని ముందుగా చెప్పండి, చాలు. ఫైల్లో మాత్రం "ఈ మందు అలర్జీ" అని రాయించకండి. ఆ ఒక్క మాట అక్కడ పడితే రేపు అత్యవసరంలో ఎవరూ ఆ మందు జోలికి పోరు, దాని సాయం అవసరమైన రోజున ఆయనకి అది అందదు.

*

సార్, నేను అనస్థీషియా టెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. థయోపెంటోన్, మెథోహెక్సిటోన్, ఎటోమిడేట్ వల్ల ఎక్కిళ్ళు వస్తాయని పుస్తకంలో ఉంది. ప్రొపొఫాల్ పేరు ఎక్కిళ్ళు తెచ్చే మందుల్లోనూ ఉంది, తగ్గించే మందుల్లోనూ ఉంది. ఏది రాస్తే మార్కులు వస్తాయి?
— ఒక విద్యార్థి, కర్నూలు

రెండూ రాయి బాబూ, రెండూ నిజమే. ఎందుకో కూడా రాస్తే ఇంకో మార్కు పడుతుంది.

నరానికి సూది ఇచ్చి నిద్రపుచ్చే పద్ధతికి ఊపు తెచ్చింది థయోపెంటోన్. 1934 మార్చి 8న అమెరికాలోని విస్కాన్సిన్‌లో రాల్ఫ్ వాటర్స్ దాన్ని మొదటిసారి మనిషికి ఇచ్చారు. కొద్ది నెలల్లోనే మేయో క్లినిక్‌లో జాన్ లండీ కూడా మొదలుపెట్టారు. అంతకుముందు ఈథర్ పీలుస్తూ నిముషాల తరబడి పెనుగులాడి నిద్రలోకి జారిన రోగి, ఇప్పుడు సూది దిగిన అర నిముషంలో నిద్రపోతున్నాడు. ఆ తర్వాత వచ్చిన మెథోహెక్సిటోన్ ఇంకా త్వరగా తేరుకునే మందు. పళ్ళ డాక్టర్లకీ, మానసిక వైద్యంలో కరెంటు చికిత్స చేసేవాళ్ళకీ అందుకే నచ్చింది. అమెరికాలో ఆ కరెంటు చికిత్సకి ఇప్పటికీ వాడతారు. మన థియేటర్లలో అది కనిపించదు, నేనెప్పుడూ వాడలేదు. థయోపెంటోన్ కుటుంబంలో ఎక్కిళ్ళకి పేరుమోసింది అదే. మోతాదు పెరిగినా, సూది వేగంగా తోసినా ఎక్కువవుతాయి. ఎటోమిడేట్ వేరే జాతి మందు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి బీపీ పెద్దగా పడనివ్వదని వాడతాం. దాంతో కండరాలు అక్కడక్కడా జర్కులు కొడతాయి, వాటితో పాటు ఎక్కిళ్ళూ వస్తాయి. ముందుగా కొంచెం ఫెంటానిల్ ఇస్తే ఆ జర్కులు తగ్గుతాయి.

ఇక నీ అసలు సందేహం. ప్రొపొఫాల్‌ని కనిపెట్టింది ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీలో పనిచేసిన జాన్ గ్లెన్. ఆయన పశువైద్యుడు! 1986లో మందు బజారుకి వచ్చింది. 2018లో ఆయనకి లాస్కర్ అవార్డు ఇచ్చారు. సోయా నూనె, గుడ్డు లెసిథిన్‌తో చేసిన తెల్లటి ద్రవం. ఇది మొదలుపెట్టేటప్పుడు ఎవరో ఒకరికి ఎక్కిలి వస్తుంది గానీ పాత మందులంత కాదు. అప్పుడు అదే ప్రొపొఫాల్ ఇంకొంచెం ఇస్తే రోగి మరింత లోతుకి వెళ్ళి ఎక్కిలి ఆగుతుంది. పైన తెనాలి అమ్మగారికి రాసిన సగం లోతు సంగతే ఇక్కడా పనిచేస్తోంది. ఒకే మందు పైమెట్టు మీద ఎక్కిలి తెస్తుంది, కిందిమెట్టుకి దిగాక ఆపుతుంది. కెటమిన్ కొద్ది మోతాదులో ఇచ్చి థియేటర్లో ఎక్కిళ్ళు ఆపినట్టు 1970ల నుంచీ వైద్య పత్రికల్లో ఉంది.

పరీక్షలో రాయకపోయినా, థియేటర్లో గుర్తుపెట్టుకోవలసింది ఇంకొకటి ఉంది. ఎక్కిలి వచ్చిందని చేయి వెంటనే మందుల ట్రే మీదికి పోకూడదు. ముందు ఊపిరి దారి చూడు. మాస్కుతో గాలి కొట్టేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోకుండా కడుపులోకి పోతోందేమో చూడు. కడుపు ఉబ్బి ఉంటే సన్న గొట్టంతో ఆ గాలి తీస్తేనే సగం మందికి సర్దుకుంటుంది. ముక్కులోంచి మెత్తటి గొట్టం పంపి గొంతు వెనక గోడని కాస్త కదిపితే ఎక్కిలి ఆగుతుందని 1967లోనే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో సేలం, ఆయన సహచరులు రాశారు. మత్తులో ఉన్నవాళ్ళకీ, మెలకువగా ఉన్నవాళ్ళకీ కూడా పనిచేసిందన్నారు. పైసా ఖర్చు లేని ఉపాయం. కండరాలు సడలించే మందు ఇస్తే ఎక్కిలి ఎలాగూ ఆగుతుంది, డయాఫ్రమ్ కూడా కండరమే కదా. కానీ రోగి ఊపిరి కూడా ఆగిపోతుంది కాబట్టి, గొట్టం వేసే ఉద్దేశం ఉన్నప్పుడే ఆ దారి.

*

ఉదయం ఎనిమిదింటికి హెర్నియా ఆపరేషన్. పొద్దున్నే లేచి టీ తాగే అలవాటు నాకు, అది లేకపోతే తల పగిలిపోతుంది. ఐదున్నరకి ఒక్క గ్లాసు తాగాను. మత్తు డాక్టరు అడిగితే ఏమీ తాగలేదన్నాను. సూది ఇవ్వగానే ఎక్కిళ్ళు వచ్చి, నోట్లోంచి టీ బయటికి వచ్చిందట. గబగబా పక్కకి తిప్పి, పీల్చేసి, గొట్టం వేశారట. తెలివొచ్చాక ఆ డాక్టరు నన్ను బాగా కోప్పడ్డారు. టీ అంటే నీళ్ళే కదండీ? ఎక్కిళ్ళు వస్తే నా తప్పా?
— ఒక రైతు, సిద్దిపేట దగ్గర

అన్నా, ఎక్కిళ్ళు మీ తప్పు కాదు. టీ సంగతి దాచడం మాత్రం పూర్తిగా మీ తప్పే. ఆ డాక్టరు కోప్పడి ఊరుకున్నారంటే మంచివారన్నమాట.

మత్తులో వచ్చే ఎక్కిలిలో మమ్మల్ని భయపెట్టేది ఆ కుదుపు కాదు. ఒక్కో ఎక్కిలికీ ఛాతీలో గాలి ఒత్తిడి హఠాత్తుగా పడిపోతుంది. కడుపులో ఏదన్నా ఉంటే దాన్ని పైకి లాగడానికి అది చాలు. అన్నవాహిక అడుగున ఉండే బిగింపు కూడా మత్తుకి సడలి ఉంటుంది. మామూలప్పుడైతే పైకి వచ్చినదాన్ని దగ్గి ఉమ్మేస్తాం, మింగేస్తాం. మత్తులో ఆ దగ్గే రాదు. కడుపులోని పులుపు ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా, ఐసీయూ, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. కడుపు ఖాళీగా ఉన్నవాడికి పది ఎక్కిళ్ళు వచ్చినా మేం కంగారుపడం. నిండు కడుపుతో ఉన్నవాడికి ఒక్కటి వచ్చినా మా గుండె జారుతుంది.

టీ నీళ్ళు కాదు, అందులో పాలున్నాయి. పాలు కడుపులోకి చేరగానే పెరుగులా గడ్డకడతాయి, జారడానికి టైము పడుతుంది. మేం పాటించే లెక్క ఇదీ: మంచినీళ్ళు, పాలు కలపని నల్ల టీ లాంటివి ఆపరేషన్‌కి 2 గంటల ముందు వరకు తాగవచ్చు. చంటిబిడ్డకి తల్లిపాలైతే 4 గంటలు. ఆవుపాలు, గేదెపాలు, డబ్బా పాలు, పాలు కలిపిన టీ, కాఫీ, ఇడ్లీ లాంటి తేలిక టిఫిను, వీటికి 6 గంటలు. పూరీలు, వేపుళ్ళు, మాంసం, బిర్యానీ అయితే 8 గంటలు ఆగాలి. మజ్జిగ కూడా పాల లెక్కలోకే వస్తుంది. "చల్లగా కాసిన్ని మజ్జిగే కదా" అని ఎండాకాలంలో చాలామంది తాగి వస్తారు. మీ తలనొప్పికి మందు నల్ల టీ. ఐదున్నరకి అది తాగి, తాగానని చెప్పి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు.

చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవాళ్ళ కడుపు ఇంకా నెమ్మది. బరువు తగ్గడానికీ షుగరుకీ వారానికొకటి తీసుకునే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు కూడా కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. అలాంటివాళ్ళు రాత్రి నుంచి ఉపవాసం ఉన్నా ఆ మందు పేరు చెప్పి తీరాలి. నిజం చెప్తే ఆపరేషన్ నాలుగు గంటలు వెనక్కి జరుగుతుంది. లేదా తప్పనిసరి అయితే మొదటినుంచే జాగ్రత్తలన్నీ తీసుకుని, వేరే పద్ధతిలో మత్తిస్తాం. నిండు కడుపుతో వచ్చే కాన్పులకీ ప్రమాదాలకీ మేం రోజూ చేసే పనే అది. కడుపు నిండుగా ఉందని మాకు తెలియాలి, అంతే.

*

మా నాన్నగారికి పిత్తాశయంలో రాళ్ళకి లాప్రోస్కోపీ ఆపరేషన్ అయింది. రెండో రోజు నుంచి ఎక్కిళ్ళు. ముసలివాళ్ళకి ఎక్కిలి పడితే మంచిది కాదని మా నాయనమ్మ ఏడుపు అందుకుంది. మత్తు ఇంకా దిగలేదా?
— ఒక కాలేజీ లెక్చరరు, హనుమకొండ

మత్తు ఎప్పుడో దిగిపోయింది. ఇప్పుడు నరానికి ఇచ్చే మందులు కొద్ది గంటల్లోనే తేలిపోతాయి. రెండో రోజు ఎక్కిళ్ళకి కారణం వేరేచోట వెతకాలి.

లాప్రోస్కోపీలో పొట్టని కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు. అది డయాఫ్రమ్‌ని కింది నుంచి తోస్తుంది, రేపుతుంది. నాన్నగారికి కుడి భుజం నొప్పిగా ఉందేమో అడగండి. ఫ్రెనిక్ నరమూ భుజం చర్మం నుంచి వచ్చే నరాలూ మెడలో ఒకేచోటికి చేరతాయి కాబట్టి డయాఫ్రమ్ నొప్పి భుజంలో తెలుస్తుంది. ఆ నొప్పి ఉంటే దారి దొరికినట్టే. ఇంకో కారణం, వాంతులు రాకుండా థియేటర్లోనే ఇచ్చే డెక్సామెథజోన్. ఎక్కిళ్ళు తెచ్చే మందుల్లో అది ముందు వరసలో ఉంటుంది, అదీ మగవాళ్ళలోనే ఎక్కువ. రోగి కేసుషీటులో ఈ పేరు ఉందేమో మీ డాక్టరుతో చూపించుకోండి. కడుపు ఉబ్బరం, ముక్కు గొట్టం, రక్తంలో సోడియం తగ్గడం, మూత్రపిండాలు మందగించడం, డయాఫ్రమ్ కింద చీము చేరడం, ఇవి ఆ తర్వాత చూడాల్సినవి.

48 గంటలు దాటిన ఎక్కిళ్ళని మొండి ఎక్కిళ్ళంటాం. ఆ రెండు రోజులూ నిండేదాకా చూడకుండా ఈరోజే డాక్టరుకి చెప్పండి. జ్వరం, పొట్టనొప్పి, వాంతులు తోడైతే ఒక్క క్షణం కూడా ఆగకండి. మందులు ఉన్నాయి: క్లోర్‌ప్రోమజీన్, మెటోక్లోప్రమైడ్, బాక్లోఫెన్, గాబాపెంటిన్. ఇవేవీ మెడికల్ షాపులో చెప్పించుకుని వేసుకునేవి కావు. మొదటిది పెద్దవాళ్ళకి బీపీ పడేస్తుంది. బాక్లోఫెన్ మూత్రపిండాలు బాగాలేనివాళ్ళలో పేరుకుపోయి మనిషిని అయోమయంలో పడేస్తుంది.

నాయనమ్మగారి భయం ఊరికే పుట్టలేదు. కిడ్నీలు ఆగి, రక్తంలో విషాలు పేరుకున్న చివరి రోజుల్లో ఎక్కిళ్ళు రావడం ఆవిడ తరం ఇళ్ళలో చూసి ఉంటుంది. చరకుడు కూడా హిక్కని ఐదు రకాలుగా చెప్పి, కొన్ని ప్రాణాంతకమనీ, తిండి వల్ల వచ్చేవి తగ్గిపోతాయనీ విడదీశాడు. ఆ విడదీసిన సంగతి ఆవిడకి చెప్పండి. మీ నాన్నగారివి తగ్గే రకంలా ఉన్నాయి.

*

ఎక్కిళ్ళు వస్తే ఎవరో తలుచుకుంటున్నట్టేనా? మత్తులో ఉన్నప్పుడు వస్తే?
— ఒక కొంటె పాఠకుడు, రాజమహేంద్రవరం

తలుచుకుంటున్నది మత్తు డాక్టరే, పక్కనే కూచుని ఉంటాడు.

ఇంటి వైద్యాల మాటకొస్తే, "డబ్బాలో లడ్డూ నువ్వే తీశావా" అని పిల్లాణ్ణి బెదరగొట్టడం, ఊపిరి బిగబట్టించడం, గ్లాసుడు నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగించడం, ఇవన్నీ ఒకే నరాల దారిని వేరే పనిలో పెట్టే ఉపాయాలు. ఊపిరి బిగబడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఎక్కిలి మందగిస్తుంది. పంచదార సంగతి మరీ గట్టిది. ఒక చెంచా పొడి పంచదార మింగిస్తే 20 మందిలో 19 మందికి తగ్గిందని 1971లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మా అమ్మమ్మ జర్నల్ చదవలేదు గానీ చెంచా మాత్రం అదే. మత్తులో ఉన్నవాళ్ళ నోట్లో మాత్రం పంచదారా నీళ్ళూ పోయకూడదు, సగం మగతలో ఉన్నా సరే.

*

మేం డాలస్‌లో ఉంటాం. నాలుగేళ్ళ పాపకి పన్ను తీయడానికి నోటి ద్వారా మగత మందు ఇచ్చారు. పాప నవ్వుతూ, ఎక్కిళ్ళు పెడుతూ ఊగింది. వీడియో చూసి ఇంట్లో పెద్దవాళ్ళు హడలిపోయారు.
— ఒక తల్లి

అది కూడా చాలావరకు మిడజోలమే అయి ఉంటుంది. పిల్లలకి నోట్లో వేసినా, ముక్కులో కొట్టినా, మలద్వారం నుంచి ఇచ్చినా ఎక్కిళ్ళు తెస్తుంది. అంటే తప్పు సూదిది కాదు, మందుది. మందు తేలిపోగానే పోతాయి. దానికి విరుగుడు ఫ్లూమజెనిల్ ఉంది గానీ ఎక్కిళ్ళ కోసమే దాన్ని వాడాల్సిన అవసరం దాదాపు రాదు. పాప పెదవులు ఎర్రగా ఉండి, వేలికి పెట్టిన మీటరులో ఆక్సిజన్ బాగుంటే ఊపిరి సరిగ్గా ఉన్నట్టే. పెద్దవాళ్ళకి వీడియోలు పంపేటప్పుడు మాత్రం కింద ఒక్క లైను రాసి పంపండి తల్లీ.

*

నాకు ముందునుంచే తరచూ ఎక్కిళ్ళు వస్తుంటాయి. వచ్చే నెల మోకాలి ఆపరేషన్. ఎక్కిళ్ళు రాని మత్తు ఇమ్మని అడగవచ్చా?
— విశ్రాంత ఉద్యోగి, విజయనగరం

అడగవచ్చు. మోకాలికి ఎక్కువగా నడుములో సూది వేసి కాళ్ళ వరకే మత్తిస్తారు కాబట్టి, పైన మగత కోసం ఏమిస్తారన్నదే మీ ప్రశ్న అవుతుంది. మగత వద్దని కూడా అనవచ్చు, మెలకువగా పాటలు వింటూ చేయించుకునేవాళ్ళున్నారు.

అయితే నాకు మీ "తరచూ" అన్న మాట మీదే అనుమానం. అమెరికాలో అయోవా రాష్ట్రంలో చార్లెస్ ఆస్బోర్న్ అనే ఆయన 1922 నుంచి 1990 దాకా 68 ఏళ్ళు ఎక్కిళ్ళు పెట్టాడు. అలాంటి వింతలు అటుంచితే, మీ వయసులో మాటిమాటికీ వచ్చే ఎక్కిళ్ళ వెనక కడుపులోని పులుపు పైకి తన్నడం చాలా సామాన్యం. అది ఉందని తెలిస్తే ఆపరేషన్ ముందే మాత్ర ఇస్తారు. సాయంత్రం మందు అలవాటు ఉంటే అదీ చెప్పండి. క్రియాటినిన్, సోడియం, ఈసీజీ పరీక్షలు ఎలాగూ చేస్తారు. ఆ రిపోర్టులు చూపించేటప్పుడు ఎక్కిళ్ళు ఎప్పటినుంచి, తిన్నాకా, పడుకున్నాకా, ఒక్కోసారి ఎంతసేపు అన్నది ఒక కాగితం మీద రాసి మత్తు డాక్టరు చేతిలో పెట్టండి. సర్జనుకి కాదు, మత్తు డాక్టరుకే.